గొంతు పట్టీ

"చెట్టంత కొడుకుని పొట్టన పెట్టుకుంది. దీని పీడ ఇవాళ్టితో విరగడైపోవాలి!" అంటూ తండ్రి గుర్రానికి కళ్లెం తొడిగాడు.

గుర్రాన్ని కొనుక్కున్నాయన జీను మీద చెయ్యి వేశాడు. ఈగ వాలిందేమో, గుర్రం తల విదిలించింది. కళ్లెం చెవుల మీంచి జారి కిందపడింది.

"కళ్లెం జారకుండా గొంతు పట్టీ పెట్టలేదేంటండీ? నేను ఎక్కాక ఊడుంటే దీన్ని ఎలా ఆపేవాణ్ని?"

"చివర్లో పెడదామని మర్చిపోయాను. ఒక్కోసారి మర్చిపోతుంటాను."

గుమ్మంలో ఉన్న తండ్రి భార్య మెల్లగా అడిగింది. "ఆ రోజు వాడు గుర్రం మీంచి పడినచోట, కళ్లెం వాడి చేతిలోనే ఉంది. తొడిగిచ్చింది మీరే కదండీ?"

తండ్రి వంగి కళ్లెం అందుకున్నాడు.

మళ్లీ తొడుగుతాడేమోనని గుర్రం బుద్ధిగా తల వంచింది.