పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు

1938 అక్టోబరు 9, ఆదివారం. చర్చిలో ప్రార్థన ముగిశాక పోలండులోని మిల్నీకి అనే ఊరి ఫైరింజను గదిలో చేతులెత్తి ఓట్లు వేశారు. అగ్నిమాపక దళం బ్యాండు మాస్టారు వాత్స్లావ్ హవ్రానెక్‌ను తీసేశారు.

కారణం, ఆయన చెక్ దేశస్థుడు.

ఆ వారమే పోలండు సైన్యం ఓల్జా నది దాటి చెక్‌ల భూమిలో అడుగుపెట్టింది. ఊళ్లో ప్రతి కిటికీకీ జెండా ఉంది.

"మీ మీద మాకు కోపం లేదు మాస్టారూ," అన్నాడు అగ్నిమాపక దళం పెద్ద కాయెతాన్ బియెర్నాత్. "రోజులు అలాంటివి. మీరేమో చెక్ అయిపోయారు."

"ఇవాళ అయ్యానా కాయెతాన్? నలభై ఏళ్ల కింద వచ్చినప్పుడూ చెక్‌నే."

"అప్పుడు మనల్ని రష్యా జార్ ఏలుతున్నాడు. రష్యన్ కానివాడెవడైనా మాకు చుట్టమే."

వెనక బెంచీలోంచి మాంసం కొట్టు లుద్విక్ అందుకున్నాడు. "బీరు కాయమనండి. వాళ్లకి చేతనైన పని అదొక్కటే."

కొందరు నవ్వారు.

హవ్రానెక్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఇత్తడి గుండీల కోటు విప్పి దాని పక్కన పెట్టాడు. రెండూ దళం ఆస్తి. ఇల్లూ దళానిదే.

"ఒక్కటి అడుగుతాను," అన్నాడు. "మా ఆవిడ ఇక్కడే మట్టిలో ఉంది. ఏ మూల గదైనా ఇవ్వండి, పడుంటాను. బ్యాండు జోలికి రాను."

కాయెతాన్ జనం వైపు చూశాడు. ఎవరూ తల ఎత్తలేదు.

"పిల్లలు మళ్లీ మీ చుట్టూనే తిరుగుతారు మాస్టారూ. పోలిష్ పాట పోలండువాడే నేర్పాలి. జనం అంటున్న మాట ఇది."

"నువ్వేమంటావు?"

"నేనూ అదే అంటాను."

బుధవారం హవ్రానెక్ వెళ్లిపోయాడు. స్టేషను దాకా బండి తోలింది కాయెతానే.

నవంబరులో వార్సా నుంచి హల్ష్కా అనే ఆవిడ వచ్చింది. ఊరూరా తిరిగి పాత పాటల్ని యంత్రంతో మైనపు గొట్టాల మీద రికార్డు చేయడం ఆవిడ పని. యంత్రాన్ని ఫైరింజను గదిలోనే దించింది. ఊరు ఊరంతా వచ్చింది.

"పాట అయ్యాక మీ పేరు, మీకు నేర్పినవాళ్ల పేరు, రెండూ ఈ యంత్రం కొమ్ములోకే చెప్పాలి," అంది. "అవి లేకపోతే పాట చెల్లదు."

"మా నాయనమ్మ జోలపాట ఉంది," అన్నాడు కాయెతాన్. "చుట్టుపక్కల ఇంకే ఊళ్లోనూ లేదు. అచ్చమైన పోలిష్ పాట."

పాడాడు. హల్ష్కా యంత్రం ఆపింది.

"ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"చెప్పాను కదమ్మా, నాయనమ్మ అని."

"ఆవిడ ఎప్పుడు పోయారు?"

"నేను ఉయ్యాల్లో ఉండగా."

లుద్విక్ నవ్వబోయి ఆగాడు.

"అయితే ఆవిడ దగ్గర కాదు. మీ అమ్మగారా?"

"అమ్మకి పాట రాదు. చర్చిలో కూడా పెదాలు కదిపేది, అంతే."

"మరి?"



గోడవార కూర్చున్న కాయెతాన్ పెద్దమ్మ అగాతాకు ఎనభై ఏళ్లు. "ఏరా, గుర్తు రావట్లేదా?" అంది. "బళ్లో రష్యన్ తప్ప ఇంకో మాట మాట్లాడితే బెత్తం. నువ్వు మన పాట నేర్చుకున్నది ఈ గదిలో కాదూ, తలుపులు వేసుకుని?"

"అవును పెద్దమ్మా."

"మీ నాయనమ్మ మంచం పట్టిన చలికాలం, మీ నాన్నకి పశువులు, నాకు పిల్లలు. పక్కన కూర్చునే దిక్కు లేదు. నీకు పాట నేర్పినవాడొక్కడే కూర్చున్నాడు, ఫిడేలు ఒళ్లో పెట్టుకుని. ముసలిదాన్ని పెళ్లాడతావా ఏమిటని నేనే ఎగతాళి చేశాను. ఆవిడకి వచ్చినవన్నీ ఒక్కొక్కటే అడిగి పాడించుకున్నాడు. మాకెవరికీ ఒక్కటీ పట్టుబడలేదు."

చుట్ట అంటించుకోబోయిన లుద్విక్, అగ్గిపుల్ల వేళ్లు కాల్చేదాకా దాన్ని వదల్లేదు.

"మిగతావి?" అని అడిగింది హల్ష్కా. "పెళ్లి పాట, కోతల పాట?"

లుద్విక్ నేల చూస్తూ చెప్పాడు. "అన్నీ ఈ గదిలో ఆయన నేర్పినవేనమ్మా."

హల్ష్కా యంత్రాన్ని మళ్లీ తిప్పింది.

"నేర్పినవారి పేరు చెప్పండి."

కాయెతాన్ కొమ్ము మీదికి వంగి, నెల కింద తాను రైలెక్కించి వచ్చిన మనిషి పేరు చెప్పాడు.