చిట్టికి ఉన్నికోటు

"ఒక్కమాట బాబాయ్. లోపల ఆవిడ మౌనవ్రతంలో ఉన్నారు. పలకరు. మీరు మాట్లాడండి, వింటారు," అన్నాడు టూరు మేనేజరు, టైలరు మాస్టారిని చెయ్యి పట్టి బస్సు దింపుతూ.

"ఆవిడేంటయ్యా, నా కూతురు. మాటలొచ్చిన దగ్గర్నుంచి ఒక్క నిమిషం నోరు మూసుకున్న పిల్ల కాదు. దానికి మౌనవ్రతమా?" మాస్టారు నవ్వాడు.

వెనకే దిగుతున్న ఆయన భార్యకి నవ్వు రాలేదు.

మూడేళ్ల కిందట స్నేహితురాళ్లతో ఈ మంచుకొండలు చూడ్డానికి వచ్చిన చిట్టి మళ్లీ ఇంటి గడప తొక్కలేదు. ఫోను వచ్చిన రోజు మాస్టారు గుండె ఆపరేషనై ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. ఫోను ఎత్తింది భార్యే. అమ్మాయి బౌద్ధమఠంలో చేరి సన్యాసం పుచ్చుకుందని ఆయనకి చెప్పిందీ ఆమే.

అప్పట్నుంచీ ఆయనది ఒకటే పాట. దాని దగ్గరికి వెళ్లాలి, ఒక్కసారి 'నాన్నా' అని పిలిపించుకోవాలి. చూద్దామంటే కళ్లేవీ? చక్కెర జబ్బు తినేసింది. వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనదు. అయినా ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. మంచుకొండల్లో మఠాలన్నీ చూపించే యాత్ర ఒకటుందని పక్కింటాయన పేపరు చదివి వినిపించగానే, "నువ్వు రాకపోతే నేనొక్కణ్నే పోతా" అని భీష్మించుకున్నాడు. ఆమె చెప్పిన సాకులేవీ చెల్లలేదు.

వారంగా బస్సు కొండల చుట్టూ తిరుగుతూ పైకి ఎక్కుతూనే ఉంది. ప్రతి మఠం దగ్గరా అందరూ దిగి మంత్రాలు చెక్కిన చక్రాలు తిప్పారు, వెన్నదీపాలు వెలిగించారు, తాళ్లకి కట్టిన రంగురంగుల జెండాల కింద ఫోటోలు దిగారు. మాస్టారు మాత్రం "ఇదేనా చిట్టి ఉన్న మఠం?" అని అడిగేవాడు. కాదంటే సీట్లోంచి కదిలేవాడు కాదు.

నిన్న ఆమె టూరు మేనేజర్ని పక్కకి పిలిచి చాలాసేపు మాట్లాడింది. పొద్దున్నే అతను ముందుగా వెళ్లి, ఈ మఠంలో పెద్దావిడని కాళ్లావేళ్లా పడి ఒప్పించి వచ్చాడు.

లోపల చిన్న గది. దీపాల వెలుగులో చాప మీద ఒక పడుచు సన్యాసిని కూర్చుని ఉంది. నున్నటి గుండు, ముదురెరుపు వస్త్రం, చలికి కందిన బుగ్గలు. మాస్టారి భార్య చేతులు జోడించింది. "నమస్కారమండీ."

"కన్నకూతురికి దణ్ణమేంటే, నీకేమైనా మతిపోయిందా?"

"సన్యాసం పుచ్చుకున్నాక ఇంక తల్లేంటి, కూతురేంటి అన్నయ్యగారూ," అంది రేడియో పిన్ని. బస్సులో అందరూ ఆవిడకి పెట్టిన పేరది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పిలవకపోయినా వెంట వచ్చింది.

మాస్టారు సంచిలోంచి ఉన్నికోటు తీశాడు. కళ్లు పోయాక ఆయన కుట్టిన బట్ట అదొక్కటే. సూదిలో దారం భార్య ఎక్కించింది, మిగతాదంతా వేళ్లే చూసుకున్నాయి. చిట్టి ఒంటిమీద పడ్డ ప్రతి బట్టా ఆయన కుట్టిందే, టేపు అక్కర్లేదు.

"ఏదీ, చేతులు చాపు తల్లీ."

సన్యాసిని కదల్లేదు. భార్య వెళ్లి మెల్లగా ఆమె చేతులు చాపించింది. మాస్టారు కోటు తొడిగి భుజాలు సవరించాడు. భుజం దగ్గర్నుంచి మణికట్టుదాకా జేనతో కొలిచాడు. అక్కడ ఆయన చెయ్యి ఆగిపోయింది. కోటు చేతులు ఆ పిల్ల వేళ్లని కప్పేసి కిందికి వేలాడుతున్నాయి.

భార్య గబగబా ఆ కోటు చేతుల్ని పైకి మడిచింది.

"ఒంటిపూట తిండి కదండీ, చిక్కిపోయుంటుంది," అంది రేడియో పిన్ని.

"అవును, చిక్కిపోయింది," అన్నాడు మాస్టారు, ఒక్కో బొత్తాం పెడుతూ.

ఎదురుగా కూలబడ్డాడు. "నాయనమ్మ పోయిందమ్మా. పోయేముందు నిన్నే కలవరించింది."

సన్యాసిని ప్రశాంతంగా నవ్వింది.

"చూశారా, చావు కబురు చెప్తే నవ్వుతోంది. వీళ్లకి చావూ పుట్టుకా ఒకటే," రేడియో పిన్ని ఆశ్చర్యపోయింది.

మాస్టారు తల ఆడించాడు. ఎక్కడ 'నాన్నా అను' అని పట్టుబడతాడోనని భార్య బిక్కుబిక్కుమంటూ చూసింది. ఆయన అడగలేదు. ఇంటికి రమ్మని కూడా అనలేదు.

"మీ అమ్మ గురించి బెంగపెట్టుకోకు. ఇన్నాళ్లూ అంతా ఒక్కతే మోసింది. ఇకనుంచి నేనూ ఉంటాను," అని మాత్రం అన్నాడు. అని, ఆ గుండు మీద చెయ్యి పెట్టి దీవించాడు. సన్యాసిని ఒక తెల్లటి కండువా ఆయన మెడలో వేసి, ఆ ముసలి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. మాస్టారి భార్య ఇంక ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుని బయటికి పరుగెత్తింది.

బస్సు కొండ దిగుతోంది. రేడియో పిన్ని కునుకు తీస్తోంది. భార్య కళ్లు తుడుచుకుంది. ఆయన గుండె తట్టుకుంది, అంతే చాలు.

మాస్టారు ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. ఎవరికీ వినపడకుండా, చాలా మెల్లగా అడిగాడు.

"పాపం ఆ పిల్ల ఎవరి బిడ్డోగానీ చల్లగా ఉండాలి, ఇప్పటికైనా చెప్పవే, మన చిట్టి ఎలా పోయింది?"