ఎర్తు వైరు

స్టీలు పెట్టె మీద రెండు గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి. దాని పక్కనే, అగ్గిపెట్టెకి అన్నలా, ఒక చిన్న నల్ల పెట్టె.

"ఉస్తాద్, రెండిట్లో ఏది ఉంచుకోమంటావ్?" అని హిందీలో అడిగాడు బాబా.

కువైట్‌లోని సబా అల్ సలేంలో ఆ ఇంటి యజమాని ఆయన. తండ్రి దాచుకున్న పాత రికార్డులు దొరికాయని కొత్తగా రికార్డు ప్లేయరు కొన్నాడు. సూది తీసే సన్నటి శబ్దాన్ని పెంచి యాంప్లిఫయరుకి అందించే పెట్టె ఒకటి మధ్యలో ఉండాలి. దాన్ని ఫోనో ప్రీయాంప్ అంటారు. చిన్నది కొత్తది. స్టీలుది పాత సామాన్ల సంతలో మనసుపడి కొన్నది.

నేను షువైఖ్ గరాజ్‌లో కార్ల కరెంటు పని చేస్తాను. నన్ను పిలిపించింది గంగాదేవి. ఆ ఇంట్లో పనిచేసే కడప పిల్ల. ఒకసారి వాళ్ల కారు బాగుచేయడానికి వచ్చి, కోనసీమలో నాకు మైకుసెట్టు ఉండేదని ఆమె దగ్గర గొప్పలు పోయాను. ఆమె ఆ మాట బాబా చెవిన వేసింది.

ముందు చిన్న పెట్టె కలిపాను. పాట శుభ్రంగా పలికింది.

తర్వాత స్టీలు పెట్టె. పాట ఇంకా బాగుంది గానీ, దాని అడుగున గుయ్యిమని ఒకటే మోత.

"చిన్నదే మంచిది బాబా" అన్నాను.

ఆ మాటతో లేచి వచ్చేస్తే ఎంత బాగుండేది!

బాబా మొహం చిన్నబోయింది. స్టీలు పెట్టెని చేత్తో నిమిరాడు. "ఈ మోత తీయడం నీవల్ల కాదా?"

చాయ్ ట్రేతో నిలబడ్డ గంగాదేవి గబుక్కున తెలుగులో అంది. "అదెంత పని భీమన్నా నీకు? ఊర్లో అంత పెద్ద సెట్టు నడిపినోనివి. నా మాట పోనీకన్నా."

ఎక్కింది నాకు.

సెట్టు గుయ్యిమంటే మా మైకుసెట్ల వాళ్లందరిదీ ఒకటే వైద్యం. ప్లగ్గు విప్పి ఎర్తు వైరు పీకేయడం. తిరునాళ్లలో వందసార్లు చేశాను. అక్కడ సెట్టు మీద నా చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాణ్ణి కాదు.

యాంప్లిఫయరుదీ స్టీలు పెట్టెదీ రెండు ప్లగ్గులూ విప్పాను. రెండు వైర్లూ పీకేశాను.

మోత ఖలాస్.

"వల్లా, ఉస్తాద్!" బాబా నా భుజం తట్టాడు. గంగాదేవి నన్ను సొంత అన్నని చూసినట్టు చూసింది.

సామాను సర్దుకుంటూ అలవాటుగా స్టీలు పెట్టెకి టెస్టరు ఆనించాను. బుడ్డి లైటు వెలిగింది. మసగ్గానే, కానీ వెలిగింది.

పెట్టె ఒంటి మీద కరెంటుంది. దాన్ని నేలలోకి దింపేసే వైరునే నేను పీకాను.

టెస్టరు జేబులో పెట్టుకుని చాయ్ తాగాను. థూ, నా బతుకు!

మంగళవారం గంగాదేవి నుంచి వాయిస్ మెసేజ్. "అన్నా, ఆ ఇనప పెట్టెను తడిగుడ్డతో తుడిస్తే చెయ్యి జుమ్మంటాంది. ఏందన్నా అది?"

"ఏం కాదమ్మా. చెప్పులేసుకుని తుడువు."

"ఇంట్లో చెప్పులేస్తే మామా ఊరుకోదు గదన్నా." ఇక్కడి పనివాళ్లు ఇంటి యజమానురాలిని మామా అంటారు.

"అయితే పొడిగుడ్డెట్టి తుడువమ్మా. శుక్రవారం ఒచ్చి చూస్తాన్లే."

వైరు పీకానని చెప్పలేదు. చెబితే మోత తిరిగొస్తుంది. పదకొండేళ్లలో ఈ దేశంలో నన్ను ఉస్తాద్ అని పిలిచింది బాబా ఒక్కడే. ఆ పిలుపు పోగొట్టుకోవడానికి మనసు రాలేదు.

గురువారం పొద్దున దుమ్ము లేచింది. మధ్యాహ్నానికి ఆగింది.

కువైట్లో దుమ్ము ఆగిందంటే ప్రతి ఇంట్లోనూ పనివాళ్లు బకెట్లు పట్టుకోవాల్సిందే. కిటికీల నుంచి టీవీ దాకా అన్నీ తడిగుడ్డతో తుడవాలి. పొడిగుడ్డకి ఆ దుమ్ము లొంగదు.

ఈ సంగతి నాకు తెలుసు. అయినా ఆ పూట తట్టలేదు. ఒక కారు డాష్‌బోర్డు విప్పుకుని దాని కింద తలదూర్చి పడుకున్నాను.

పని ముగించి చేతులు తుడుచుకుని ఫోను చూశాను. బాబా వీడియో పంపాడు. కింద "నో నాయిస్, ఉస్తాద్! పర్ఫెక్ట్!" అని రాశాడు.

నిజమే. మోత లేదు. ఎవరో అరబ్బీ ఆవిడ హాయిగా పాడుతోంది.

రికార్డు తిరుగుతోంది. వీడియోలో ఒక పక్కన నీళ్లు చిమ్మిన నేల కనిపించింది. దాని మీద రెండు ఉత్త పాదాలు. సరిగ్గా పిండని గుడ్డ పట్టుకున్న గాజుల చెయ్యి స్టీలు పెట్టె వైపు వస్తోంది.

అక్కడితో వీడియో అయిపోయింది.

గంగాదేవికి ఫోను చేశాను. మోగింది. మళ్లీ చేశాను. ఎత్తలేదు. బాబాకి చేశాను. ఆయనా ఎత్తలేదు.

వీడియో కింద టైము చూశాను.

అది వచ్చి నలభై నిమిషాలైంది.