హాజరు కోసమే

"సుస్మితా!"

"ఉన్న మేడం."

గొంతు బొంగురుగా వచ్చింది. వెనకాల ఎక్కడో మేక అరిచింది. ఫోన్ తెర మీద పిల్లలంతా కిసుక్కున నవ్వారు.

తాహేరాకు నవ్వు రాలేదు. కరోనా ఏడాది. నల్గొండలోని ఓ ఐటీఐలో ఆమె కుట్టుపని నేర్పుతుంది. కొత్త బ్యాచ్‌ను ఒక్కరోజైనా ఎదురుగా చూసింది లేదు. ఫోన్‌లోనే నేర్పమన్నారు. గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పినట్టుంది పని.

"కెమెరా పెట్టు. కాజా ఎట్ల కుట్టినవో సూపియ్యి."

"కెమెరా ఖరాబైంది మేడం."

రోజూ అదే మాట. పేరు పిలవగానే మాత్రం ఠక్కున పలికేది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

తాహేరాకు ఒళ్లు మండింది.

"రేపు కెమెరా పెట్టకుంటె పేరు కొట్టేస్త. నువ్వు హాజరు కోసమే వస్తున్నవ్. నాకు తెల్వదా?"

ఈసారి బదులొచ్చింది.

"అవు మేడం, హాజరు కోసమే. పేరు మాత్రం కొట్టెయ్యకుండ్రి. మీ కాల్మొక్త."

తాహేరా కరగలేదు. మర్నాటి నుంచి ఆ పేరు పిలవలేదు.

అయినా తెర మీద సుస్మిత పేరున్న ఆ నల్లటి గడి పొద్దున్నే వచ్చి కూర్చునేది. హాజరు అయిపోయేదాకా ఉండి, చప్పుడు లేకుండా వెళ్లిపోయేది. దాన్ని చూస్తే తాహేరాకు ఎందుకో గుబులుగా ఉండేది.

కొన్నాళ్లకు అదీ రావడం మానేసింది.

కాలేజీ తెరిచారు. చేరేటప్పుడు ఇచ్చిన సుస్మిత టెన్త్ మెమో కాలేజీ బీరువాలోనే ఉండిపోయింది. తిరిగిచ్చే వంకతో నాలుగు మంచి మాటలు చెప్పి, పిల్లను మళ్లీ చేర్చుకుందామని తాహేరానే సుస్మిత ఊరు కేతేపల్లికి బస్సెక్కింది.

మేకల దొడ్డి పక్కనున్న ఇంట్లోంచి సుస్మిత తల్లి గుర్వమ్మ బయటికొచ్చింది.

"సుస్మిత ఉన్నదా అమ్మా? నేను తాహేరా మేడంను."

ఆమె వాకిట్లోనే కూలబడింది.

"నా బిడ్డ జరమొచ్చి దవాఖానల పానం ఇడిచింది మేడం. మీ క్లాసులు సురువు గాకముందే."



"మరి రోజూ 'ఉన్న' అన్నదెవరు?"

"నేనే మేడం. క్లాసుకని దాని ఫోన్ మోగితె ఎత్తిన. మా ఇంట్ల దాని పేరు తియ్యనియ్యడు వాళ్ల నాయిన, తలుసుకుంటె తట్టుకోలేడు. మీరొక్కరే పొద్దుగాల నా బిడ్డను పేరు పెట్టి పిలుస్తుంటిరి."