ముప్పై ఎనిమిది మొక్కలు

"ఏయ్! ఏం చేస్తున్నవ్ అక్కడ?"

స్కూటీ ఆపకముందే అరిచింది శ్యామల.

ఇల్లందు రోడ్డు చివర కొత్తగా లేచిన కాలనీ అది. సిమెంటు రోడ్డు పడింది, కాలువలు కట్టారు, స్తంభాలకు లైట్లు వచ్చాయి. నెల కిందటే రోడ్డుకు రెండు వైపులా నాలుగు వందల మొక్కలు నాటించారు. నాటించిన మున్సిపల్ ఉద్యోగి శ్యామలే. ఒక్కటి పోయినా సంజాయిషీ ఆమే ఇచ్చుకోవాలి.

ఇప్పుడొక ముసలాయన గడ్డపారతో తవ్వి, ఒక కానుగ మొక్కను మట్టిగడ్డతో సహా పైకి తీసి ఒడిలో పెట్టుకున్నాడు.

"మేడమ్, దీని కింద..."

"కిందా లేదు, మీదా లేదు. ఇప్పటిదాక ఎన్ని ఎత్తుకపోయినవ్?"

"ఎత్తుకపోతలేను. మళ్ల గీడనే పెడ్త. ఒక్కసారి చూడుండ్రి..."

"దొరికినంక అందరూ గిట్లనే అంటరు."

ఎదురింటి వెంకటప్పయ్య గేటు తీసుకుని వచ్చాడు.

"నాలుగు రోజుల సంది చూస్తున్న మేడమ్. పొద్దుగాల్నే వస్తడు, తవ్వుతడు. ఏందని అడిగితే చెప్పడు."

ఇంకేం కావాలి? శ్యామల పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసింది.

కానిస్టేబుల్ వచ్చేదాకా ముసలాయన కదల్లేదు. పారిపోవాలనీ చూడలేదు. లేచేటప్పుడు మాత్రం బతిమాలుకున్నాడు.

"ఇదొక్కటి నాటి వస్త మేడమ్. ఎండల పెడితే చస్తది."

"నువ్వు ముట్టకు."

దాని వంక సరిగా చూడనైనా చూడకుండా తనే ఆ మొక్కను గుంతలోకి దించి, కాలితో మట్టి తోసింది శ్యామల.

సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టి, వేలిముద్ర వేయించుకుని వదిలేశారు. ముసలాయన మళ్లీ ఆ కాలనీ వైపు రాలేదు. మొక్కల దొంగను పట్టుకున్నానని ఆ వారం ఆఫీసులో అందరికీ చెప్పుకుంది శ్యామల.

వానలు పోయాయి. చలి పోయింది. శివరాత్రి నాటికి మొక్కలు పసుపు రంగుకు తిరిగాయి. రోజుకు రెండుసార్లు ట్యాంకర్ తిప్పించింది. ఎరువు వేయించింది. అయినా ఒక్కొక్కటే ఎండిపోతూ వచ్చాయి.

వెంకటప్పయ్య ఇంటి ముందు వరస మాత్రం కంచెలు దాటి ఏపుగా ఎదిగింది.

లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది.

"దూలయ్యా, ఎండినదొకటి పీకు" అంది, నీళ్లు పోసే మనిషితో.

గట్టిగా లాగాల్సిన పనే పడలేదు. మొక్క చేతిలోకి వచ్చేసింది. వేళ్ల చుట్టూ నర్సరీ వాళ్ల నల్ల ప్లాస్టిక్ కవర్ చెక్కుచెదరకుండా ఉంది. లోపల వేళ్లు బయటికి దారిలేక చుట్టలు చుట్టుకుని కుళ్లిపోయాయి.

ఇంకొకటి పీకించింది. ఇంకో పది. అన్నిటికీ కవర్లే.

పచ్చగా ఉన్నదాని మొదట్లో తనే కూర్చుని తవ్వింది. కవర్ లేదు.

'మేడమ్, దీని కింద...'

ఆ మాట ఇన్నాళ్లకు పూర్తిగా వినిపించింది శ్యామలకు.

స్టేషన్‌లో పేరూ ఊరూ రాసి ఉన్నాయి. బద్యా. ఇల్లందు అవతల తండా. మర్నాడే బయల్దేరింది. క్షమించమని అడగాలి. మొక్కలు చూసుకునే పని ఆయనకే ఇప్పించాలి. దారి పొడుగునా అదే అనుకుంది.

ఇంటి ముందు మొక్కజొన్న ఒలుస్తున్న ముసలామె తలెత్తింది. ఆయన భార్య సోమ్లి.

"బద్యా ఉన్నడా అమ్మా? మున్సిపాలిటీ నుంచి వచ్చిన."

"దసరా ముందల జరమొచ్చింది బిడ్డా. దవాఖానాకు తీస్కపోయేసరికే పోయిండు."

సోమ్లి లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

శ్యామల నీళ్లు తాగి చెంబు కింద పెట్టింది.

"మొక్కలకు కవర్లు తియ్యలేదని ఆయనకెట్ల తెలిసిందమ్మా?"

"తెల్వకేం బిడ్డా? పెద్ద సార్లు వచ్చేలోపల ఒక్క గుంత ఖాళీగ కనపడొద్దని ఎవరో నాటించే మేడమ్ ఉరికిస్తె, కవర్లు చింపే తీరిక లేక అట్లనే పాతిన కూలోళ్లల్ల ఆయన గూడ ఒకడు. పానం ఒప్పక, తన చేత్తోటి పెట్టినయన్న సరిజేసి వస్తనని రోజూ మొదటి బస్సుకు పోయేటోడు."