ఏడో గోళీ

“ఏడుగురూ నల్ల గోళీ వేస్తేనే అతను బయటికి వెళ్తాడు. ఒక్క తెల్లది కనబడినా ఉంటాడు. మీ నియమం అదే కదా? అలాగే కానివ్వండి” అన్నాడు హాల్విగ్, తడిసిన టోపీని మోకాలి మీద బోర్లించుకుంటూ.

ఆయన జాతీయ సంఘం తరఫున షికాగో నుంచి వచ్చిన పెద్దమనిషి. ఆయన సంచిలోని కాగితం మీద సంతకాలు పడితే, ఒహాయోలోని ఆ కాలేజీ ఊళ్ళో రొట్టెల దుకాణం మీది అద్దె గదుల్లో నడుస్తున్న విద్యార్థుల సోదర సంఘానికి ఎర్ర ఇటుకల ఇల్లు వస్తుంది. పెద్ద సంఘాలకు ఉన్నట్టే గుమ్మం మీద సంఘం పేరుగా గ్రీకు అక్షరాలు వస్తాయి. షరతు ఒక్కటే. సభ్యులంతా యూరోపు సంతతి వాళ్ళే అయి ఉండాలి.

బెన్ ఇషిమురా తల్లిదండ్రులది జపాను. ఏ సంఘమూ రానివ్వని ఏడుగురు మాజీ సైనికులు మూడేళ్ళ కిందట ఇదే బల్ల చుట్టూ కూర్చుని సంఘం పెట్టుకున్నప్పుడు, ఆ ఏడుగురిలో అతనొకడు. ఇప్పుడు సభ్యులు నలభై ఏడు మంది. కొత్తవాళ్ళు నలభై మందీ కింద మెట్ల మీద కూర్చుని, ఆ ఇంటి కోసం చెవులు రిక్కించి ఉన్నారు. మొదటి ఏడుగురిలో ఒకణ్ణి తీసెయ్యాలంటే మాత్రం ఏడుగురూ ఒప్పుకోవాలి, వెళ్ళేవాడితో సహా. తన ఇష్టం లేకుండా ఎవడూ వెళ్ళిపోకూడదని ఆనాడు రాసుకున్న మాట అది.

అధ్యక్షుడు ఎల్డన్ క్రౌస్ ప్రార్థన చెప్పాడు. అయిపోయాక కూడా కళ్ళు తెరవడానికి ఎవరూ తొందరపడలేదు. కిటికీ బయట నవంబరు వాన. ఫుట్‌బాల్ ఆట చూడ్డానికి పోతున్న జనం వీధిలో పాడుకుంటూ వెళ్తున్నారు.

గోళీల పెట్టె బల్ల మీదికి వచ్చింది. వాల్‌నట్ చెక్కతో బెన్ చేసిన పెట్టె అది. ముందు చిన్న తెర. లోపల ఎడమ గిన్నెలో తెల్ల గోళీలు, కుడి గిన్నెలో నల్లవి. ఒకటి తీసి మధ్య కన్నంలో వదిలితే కింది సొరుగులో పడుతుంది. ఎవడు ఏది వేశాడో పక్కవాడికి కూడా తెలియదు.

“ఒరేయ్ బెన్, చెయ్యి పెడితే ఏదైనా కరుస్తుందేమోరా” అన్నాడు క్లారెన్స్. ఇటలీలో కాలికి గుండు తగిలినప్పుడు అతన్ని రెండు మైళ్ళు వీపున మోసింది బెన్నే.

“అబద్ధమాడేవాణ్ణే కరుస్తుంది. నీకేం భయం?” అన్నాడు బెన్.

అందరూ నవ్వారు, అవసరమైన దానికంటే కాస్త ఎక్కువగా.

పెట్టె ఒకరి ముందు నుంచి ఒకరి ముందుకు జరుగుతూ ఎల్డన్ దగ్గరికి వచ్చింది. నాదీ తెల్లదేరా, నిశ్చింతగా ఉండు, అని అతను పొద్దున బెన్ భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాడు. మిగతా అయిదుగురూ అదే చెప్పారని బెన్ నవ్వాడు. తెరలో చెయ్యి పెట్టిన ఎల్డన్‌కు ఆ నవ్వు గుర్తుకొచ్చింది. దాని వెనకే ఇంకో ఆలోచన వచ్చింది.

బెన్‌కి కూడా ఓటుంది. తన తెల్ల గోళీ తను వేసుకోకుండా ఉంటాడా? సొరుగులో తెల్లది ఒక్కటే ఉంటే అది బెన్‌దేనని అందరికీ తెలుస్తుంది. ఇల్లు పోయినా ఎవరినీ ఏమీ అనడానికి ఉండదు. రెండుంటే ఆ రెండోది ఎవడిదని కింద నలభై మందీ నిలదీస్తారు. ఎలాగూ బెన్ ఉండిపోతాడు. అలాంటప్పుడు తన గోళీ ఏ రంగుదైతే ఏం? దేవుడు చూసేది మనసునే కదా.

అతని చెయ్యి కుడి గిన్నెలోకి వెళ్ళింది. దేవుడు మనసునే చూస్తాడన్న నమ్మకం ఉన్నవాడు గోళీని అంత మెల్లిగా, చప్పుడు కాకుండా ఎందుకు వదలాలో అతనికి తట్టలేదు.

చివరికి పెట్టె బెన్ ముందుకు వెళ్ళింది. అతని చెయ్యి లోపల ఎంతోసేపు ఉండలేదు.

ఎల్డన్ సొరుగు లాగి గోళీలను ఒక్కొక్కటే బల్ల మీద పెట్టసాగాడు. నల్లది. నల్లది. మూడోదీ అంతే. నాలుగోది పెడుతూ క్లారెన్స్ వంక చూశాడు. క్లారెన్స్ బూట్ల వంక చూసుకుంటున్నాడు. అయిదు. ఆరు. గదిలో ఎవరూ ఎవరి మొహమూ చూడడం లేదు. అయినా అందరూ ఊపిరి కాస్త వదులు చేసుకున్నారు, ఇక మిగిలింది బెన్‌దే కనక.

ఎల్డన్ సొరుగును వంచాడు. ఏడోది దొర్లుకుంటూ వచ్చి మిగతావాటి పక్కన ఆగింది. అదీ నల్లదే.

హాల్విగ్ కలం మూత తీశాడు.

“కుడీ ఎడమా పొరబడ్డావేమోరా” అన్నాడు క్లారెన్స్.

“పెట్టె చేసినవాణ్ణి, పొరబడతానా?” బెన్ లేచి కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు.

“మరి నీదొక్కటి తెల్లది వేసుకుంటే ఉండిపోయేవాడివి కదరా” అన్నాడు ఎల్డన్. ఆ మాటలో ఏడుపు ఉంది, కోపమూ ఉంది.

బెన్ తలుపు దగ్గర ఆగాడు. “ఆరుగురు మాటిచ్చారు, ఒక్కడైనా వేస్తాడనుకున్నాను. నన్ను నేనే నిలబెట్టుకోవాలంటే, ఇక సోదరులు దేనికిరా?”