సతీసమేతంగా

ఆలుమగలు ఒకే విమానంలో, పక్కపక్క సీట్లలో కూర్చుని దేశం దాటితే, ఎవరు ఎవరి వెంట వెళ్లినట్టు? చట్టం రాసినవారు దీనికి జవాబు రాయలేదు. అన్నీ దాని మీదే ఆధారపడేలా మాత్రం రాశారు.

నిబంధన ఇది. శాశ్వత నివాసపు కార్డు ఉన్నవారు ప్రతి ఐదేళ్లలో కనీసం రెండేళ్లు ఆ కార్డు ఇచ్చిన దేశంలో గడపాలి. లేదంటే కార్డు పోతుంది. ఒకే ఒక్క మినహాయింపు: ఆ దేశపు పౌరసత్వం ఉన్న జీవిత భాగస్వామి వెంట విదేశానికి వెళ్లి, అక్కడ కలిసి కాపురం చేస్తే, ఆ రోజులన్నీ ఆ దేశంలో గడిపినట్టే లెక్క.

ఈ దంపతులు ఐదేళ్లుగా విదేశంలోనే ఉన్నారు. ఒకరికి పౌరసత్వం ఉంది, ఒకరికి కార్డు ఉంది. వచ్చే నెల కూతురి పురుడు, ఆ దేశంలోనే. కార్డు పొడిగిస్తే ఇద్దరూ వెళ్తారు. లేకపోతే ఒకరు విమానమెక్కుతారు. రెండోవారు మనవడినో మనవరాలినో ఫోనులో చూసుకుంటారు.

దౌత్య కార్యాలయం నుంచి విచారణకు పిలుపు వచ్చింది. ఎవరికి ఏది ఉందో అడగనక్కర లేదనిపించేలా ఆయన చేతులూపుకుంటూ ముందు నడిచాడు. ఆవిడ నాలుగు కిలోల ఫైలు మోస్తూ వెనక నడిచింది. అందులోని ప్రతి కాగితమూ ఆవిడ సేకరించినదే. ఆయన చదివింది తన పేరున్న చోటు మాత్రమే.

వరండాలో ఆవిడ గొంతు తగ్గించి అంది. "లోపలికెళ్లే ముందు ఆ నిబంధన ఒక్కసారి చదవండి. ఒక్క పేజీయే."

"నలుగురిలో ఎలా మాట్లాడాలో నాకు నేర్పుతావా? నువ్వు ఫైలు జాగ్రత్తగా పట్టుకో, చాలు."

గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, తిరగడం మానేసిన ఫ్యాను ఉన్నాయి. అధికారిణి కళ్లజోడు సవరించుకుంది.

"ఇక్కడికి రావాలని ముందు ఎవరు అనుకున్నారు?"

ప్రశ్న ఇద్దరికీ. జవాబు ఆయనది.

"నేనేనండీ. మా ఇంట్లో ఏదైనా నేను అనుకుంటేనే."

"ఎవరి ఉద్యోగం కోసం?"

"ఇంకెవరిది, నాదే. పెట్టె సర్దుకోమన్నాను, సర్దుకుంది."

ఆవిడ ఫైలు అడుగు నుంచి ఒక కాగితం పైకి లాగింది. ఆయన అరచేత్తో దాన్ని లోపలికి నొక్కేశాడు. "అడిగినప్పుడు ఇద్దువుగాని. నేను మాట్లాడుతున్నానుగా!"

అధికారిణి సాక్ష్యాలు తిరగేసింది. ఆయన అక్కగారి ఉత్తరం: "మా తమ్ముడు పెద్ద ఉద్యోగం మీద వెళ్తూ మరదల్ని కూడా వెంటబెట్టుకెళ్లాడు." ఇంటి యజమాని ధ్రువపత్రం: "వీరు సతీసమేతంగా మా ఇంట దిగిరి." ఒక ఫొటో కూడా ఉంది. విమానాశ్రయం ముందు నల్ల కళ్లద్దాలతో ఆయన; వెనక మూడు పెట్టెలు, వాటి మధ్య ఎక్కడో ఆవిడ.

"అంటే, ఆవిడే మీ వెంట వచ్చారంటారు. బాగా ఆలోచించి చెప్పండి."

"ఆలోచించడానికేముందండీ? పెళ్లయిన నాటి నుంచీ నా వెంటే. రైలైనా అంతే, విమానమైనా అంతే."

అధికారిణి అది రాసుకుంది. రాసుకోవడానికి వీలుగా ఆయన అదే మాట మళ్లీ, నిదానంగా చెప్పాడు.

"మీరేమంటారు?" ఈసారి ఆమె ఆవిడ కళ్లలోకే చూసి అడిగింది.

ముప్ఫై ఒక్క ఏళ్ల కాపురంలో ఆవిడను ఆ మాట అడిగినవారు లేరు. ఆవిడ నోరు తెరవబోయింది. ఆయన కళ్లెర్రజేశాడు.

ఆవిడ ఒక్క క్షణం ఆయన వంక చూసింది. తరువాత ఫైలు మూసింది. దారం చుట్టి, ముడి బిగించింది.

"ఆయన మాటే నా మాటండి."

అధికారిణి ముద్ర వేసింది. "కార్డు పొడిగించడం కుదరదు."

ఆయన కుర్చీలోంచి లేచాడు. "ఇదేం అన్యాయం మేడమ్? ఇంతసేపూ మొత్తుకుంటున్నది అదేగా, నా వెంటే వచ్చిందని!"

"అందుకేనండీ."

ముడి బిగిసిన ఫైలు అడుగున నలిగిన ఆ కాగితం ఆవిడకు పదోన్నతి ఇచ్చి ఇక్కడికి బదిలీ చేసిన ఉత్తర్వు, పౌరసత్వం ఆవిడది, పోయిన కార్డు ఆయనది: ఇప్పుడు మీరు చెప్పండి, ఎవరు ఎవరి వెంట వచ్చారు?